పామర్రులో దిగని టీచరుగారు

మీ ఇంట్లో బస్సెక్కడానికో, లిఫ్టెక్కడానికో, నలుగురిలోకి రావడానికో భయపడే మనిషి ఉన్నారా? ఆ మనిషిని మీరు చివరిసారి ఏమన్నారు? నటన అన్నారా, గాలి సోకిందన్నారా? నేను ఆ రెండూ అనలేదు. అయినా వాటికేమీ తీసిపోని తప్పు చేశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

కరోనా తగ్గాక రెండో ఏడాది, ఫిబ్రవరి నెల. విజయవాడ సూర్యారావుపేటలో రెండో అంతస్తులో నా గది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. అంటే మందులు రాసే డాక్టరుని కాను, మాటలతో, సాధనతో వైద్యం చేసేవాణ్ణి. ఆ రోజు చల్లపల్లి నుంచి ఒక జంట వచ్చింది. ఆవిడ సుభాషిణి గారు, హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. ఆయన మల్లేశ్వరరావు గారు. తాతల నాటి మగ్గాలు పోయాక చేనేత బట్టల కొట్టు నడుపుతున్నారు. ఆవిడ బస్సెక్కరు కాబట్టి అంత దూరమూ బైకు మీదే వచ్చారు.

అంతకు ముందు వేసవిలో ఆవిడ పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీకి బస్సులో బయల్దేరారు. నిలబడ్డానికి కూడా చోటు లేదు, ఎండ మాడ్చేస్తోంది. కూచిపూడి దాటాక ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు, చేతులు చల్లబడ్డాయి. అది గుండెపోటే అనుకుని పామర్రులో దిగిపోయారు. దిగిన ఐదు నిమిషాలకే అంతా సర్దుకుంది. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు అన్నీ చేయించారు. గుండె డాక్టరు "ఏమీ లేదమ్మా" అన్నాడు. ఆ మాట ఇంట్లోవాళ్లకి ఒకలా, ఆవిడకి ఒకలా వినిపించింది.

"గుండె నిమిషానికి డెబ్భై రెండుసార్లు కొట్టుకుంటుందని పిల్లలకి చెప్పేదాన్ని నేనేనండీ," అన్నారావిడ. "నాది పరుగులు పెడుతుంటే ఏమీ లేదంటే ఎలా నమ్మను?"

దీన్ని ప్యానిక్ ఎటాక్ అంటారు. ప్రమాదం లేకపోయినా ఒంట్లో ప్రమాద ఘంట మోగడం. అది ఒకసారి ఎవరికైనా రావచ్చు, వచ్చి పోవచ్చు. జబ్బుగా మారేది తర్వాతే. పామర్రులో దిగగానే కలిగిన ఆ ఊరటే ఆవిడకి పాఠమైపోయింది: దిగాను కాబట్టి బతికాను. మర్నాడు బస్సు చూస్తేనే దడ. ఆ పైన సంత, పెళ్లిళ్లు, స్కూలు అసెంబ్లీ. పారిపోయిన ప్రతిసారీ భయం ఇంకొంచెం స్థలం ఆక్రమించింది. పది నెలల్లో ఆవిడ ప్రపంచం ఇల్లు, స్కూలు, బైకు వెనక సీటు. అంతే మిగిలింది.

మాట్లాడుతుండగా ఆవిడ జబ్బకి నల్లతాడుతో కట్టిన తాయెత్తు నా కంటపడింది. కోడలు జడుసుకుందని అత్తగారు కట్టించారట. నాకు ఒళ్లు మండింది. యువకుడిగా ఉన్నప్పటి నుంచీ సభల్లో తాయెత్తుల మీద వాదించి గెలిచినవాణ్ణి. "సైన్సు టీచరు మీరు! ఆ చేత్తోనే బోర్డు మీద గుండె బొమ్మ గీస్తారా?" అని మొదలుపెట్టి పావుగంట ఉపన్యాసం దంచాను. ఆవిడ పమిట జబ్బ మీదికి లాక్కుని, తలవంచుకుని విన్నారు. ఆ రోజు నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

మళ్లీ రాలేదు. ఏప్రిల్ చివర్లో మల్లేశ్వరరావు గారు ఒక్కరే వచ్చారు.

"ఆవిడకి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిందండీ. ఉయ్యూరులో. స్కూళ్లు తెరిచేలోగా చేరాలి. లేదంటే వద్దని రాసివ్వాలి. కాగితం రాసి బీరువాలో పెట్టేసుకుంది."

"నా మీద కోపమా?"

"కోపం కాదండీ. 'ఆయన చెప్పిందంతా నాకు ముందే తెలుసు. తెలిస్తే పోయే భయమైతే నాకెందుకుంటుంది?' అంది."

పాతికేళ్లలో నన్ను వాదనలో ఎవరూ అంత సూటిగా ఓడించలేదు. తాయెత్తు తప్పే, ఇప్పుడూ తప్పే అంటాను. కానీ మునిగిపోతున్న మనిషి చేతిలో ఉన్న గడ్డిపరకని వెటకారం చేయడం హేతువాదం కాదు, పొగరు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆవిడ, "ఇంకెప్పుడూ క్లాసు పీకరుగా?" అన్నారు.

మొదలుపెట్టాం. ఈ వైద్యాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. భయపడే దానికి మెట్టు మెట్టుగా ఎదురు నిలబడడం. ఒకటే నియమం: దడ వస్తే రానివ్వాలి, తగ్గేదాకా దిగకూడదు. పారిపోకపోతే అది పెరిగి పెరిగి దానంతటదే తగ్గుతుందని ఒంటికి తెలియాలి. పుస్తకం చదివితే ఒంటికి తెలియదు. మొదటి వారం చల్లపల్లి బస్టాండులో ఆగి ఉన్న బస్సులో కూర్చున్నారు. రెండో వారం కూచిపూడి దాకా. మూడో వారం పామర్రు దాకా, అయితే మల్లేశ్వరరావు గారు బైకు మీద బస్సు వెనకే వచ్చేవారు. ప్రతి స్టాపులోనూ కిటికీ దగ్గరికొచ్చి నీళ్ల సీసా అందించేవారు.

కండక్టరమ్మ ఒకరోజు అడిగేసింది. "ఏంటి మేడమ్, ఎమ్మెల్యే గారికి కూడా లేదు ఇంత ఎస్కార్టు! ఆయన్ని కూడా ఎక్కించుకోండి, టికెట్ కొడతా."

బస్సంతా నవ్వింది. ఆవిడా నవ్వారు. నవ్వుతుండగా దడ ఎప్పుడు తగ్గిందో తెలియలేదని నాతో చెప్పారు.

నాలుగో వారంలో అసలు కష్టం వచ్చింది. వాళ్లు బైకు మీద నా గదికి వచ్చినప్పుడు, ఇక ఆవిడ బస్సెక్కితే ఆయన కొట్లోనే ఉండాలన్నాను. నీళ్ల సీసా, దడ వస్తే వేసుకుందామని పర్సులో దాచుకున్న నిద్రమాత్ర కూడా ఇంట్లోనే వదలమన్నాను. "ఆయన ప్రేమ నాకు తెలుసమ్మా. కానీ ఆయన వెంట ఉన్నంతకాలం మీరు ఆయన వల్లే బతికాననుకుంటారు. ఇవన్నీ తాయెత్తులే."

ఆవిడ పర్సు తెరిచి మడిచిన చీటీ ఒకటి నా బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే నా ఫోన్ నంబరు.

"ఫోన్‌లోనూ ఉంది, ఛార్జింగు అయిపోతే ఎలాగని ఇందులోనూ రాసుకున్నా. మరి ఇదేంటండీ?"

అంతమంది తాయెత్తులు తెంపించిన నేను ఇంకొకరికి తాయెత్తునై కూర్చున్నాను. "చించెయ్యండి, ఫోన్‌లోంచీ తీసెయ్యండి," అన్నాను. ఆవిడ చించేశారు.

చేరాల్సిన రోజు వచ్చింది. ఆవిడ ఒంటరిగా బస్సెక్కుతారని తెలుసు. ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే దానివంక చూస్తున్నాను. అది మోగలేదు. మోగకూడదని నేనే ఏర్పాటు చేసి, మోగకపోతే ఉక్కిరిబిక్కిరి అయ్యానంటే నమ్ముతారా? నాలుగింటికి మల్లేశ్వరరావు గారు ఫోన్ చేశారు.

"చేరిందండీ! కూచిపూడి దాటాక దడ వచ్చిందట. పామర్రులో బస్సాగితే లేచి నిలబడిందట కూడా. మళ్లీ కూర్చుందట. ఉయ్యూరు వచ్చేసరికి లారీల వెనక బస్సు ఆగిపోతే, స్కూలుకి ఆలస్యమైపోతుందని చిరాకు తప్ప ఇంకేం గుర్తులేదట." చివర్లో, "పొద్దుట్నుంచీ నా గుండే దడగా ఉందండీ," అన్నారు.

దసరా సెలవుల్లో ఆవిడ నన్ను చూడ్డానికి వచ్చారు, బస్సులోనే. జబ్బకి తాడు లేదు. నేను అడగలేదు, ఆవిడే చెప్పారు. "మా అత్తగారికి ఇచ్చేశానండీ. నేను బస్సెక్కితే ఇప్పుడు ఆవిడకి భయం."

భయం తెలివితక్కువతనం కాదు, పిరికితనమూ కాదు. ఒంటికి తప్పుగా వచ్చిన పాఠం. ఆ పాఠాన్ని అవహేళన దిద్దదు, తాడూ దిద్దదు. తెల్లారిలేస్తే వెంట తిరిగే మన ప్రేమ కూడా దిద్దదు. నేను వాదన గెలిచి మనిషిని పోగొట్టుకోబోయాను. మీరు ఆ పని చేయకండి. ఇవాళ మీ ఇంట్లో ఆ మనిషి పక్కన కూర్చోండి. "నీకు ఎలా ఉంటుంది?" అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా వినండి. గుండె పరీక్షలు చేయించి అక్కడితో ఆగిపోకండి, మానసిక వైద్యం తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బస్టాండు దాకా వెళ్లండి. ఆ తర్వాత చేయి వదిలి, ఇంటికొచ్చి, మీ దడ మీరు పడండి.