ఇసుక ఎరిగిన వేళ్లు

ఎర్మెస్‌కు యాభై నాలుగేళ్లు. భూగర్భశాస్త్రం చదివి ముప్పై ఏళ్లు ఇటలీలోని పో అనే నది ఇసుకను పరీక్షించినవాడు, ఇప్పుడు ఫెరారా విశ్వవిద్యాలయంలో లా కోర్సు చదువుతున్నాడు. ఏ కాగితం దొరికినా చదివే ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాడు. అతని సివిల్ కోడ్ పుస్తకం మూలలు అరిగి గుడ్డపీలికల్లా అయిపోయాయి. అక్కడ నోటి పరీక్షలో మార్కు నచ్చకపోతే వద్దని మళ్లీ రావచ్చు. ముప్పైకి ఇరవై నాలుగు వేస్తే రెండుసార్లూ వద్దన్నాడు. ఇది మూడోసారి. "పాసవడానికి పద్దెనిమిదొస్తే చాలని మేం దణ్ణాలు పెడుతుంటే ఈయనకేం పొయ్యేకాలం" అని వెనక బెంచీలో వంతు కోసం కూర్చున్న తోటి విద్యార్థిని ఓర్నెల్లా గొణుక్కుంది.

"నది తెచ్చి గట్టుకు చేర్చిన మట్టి ఎవరిది?" ప్రొఫెసరమ్మ అడిగింది.

"గట్టు సొంతదారుది మేడం. ఎవరూ గుర్తుపట్టలేనంత నెమ్మదిగా చేరింది కాబట్టి." అతని వేళ్లు రెండూ రాసుకుంటున్నాయి. "కానీ నేను గుర్తుపడతాను. పిడికెడు ఇవ్వండి, ఏ కొండదో చెప్తాను."

"అయితే తిరిగి ఇప్పించేద్దామా?"

"వద్దు మేడం. ఎక్కడిదో ఎప్పుడూ తెలుసు, ఎవరిదో తెలుసుకోడానికే ఈ చదువుకొచ్చాను. ఎగువనున్నవాడికి తిరిగివ్వడం మొదలెడితే, దిగువన ఎవరి కాళ్ల కిందా నేల మిగలదు."

ప్రొఫెసరమ్మ ముప్పై వేసింది. అతను తలూపాడు, లేవబోయాడు.

"ఆగండి" అందావిడ, కలం పక్కన పెట్టి. "మా ఇంటి వెనక ఒడ్డున ఇసుక మెరుస్తూ ఉంటుంది. అది ఎక్కడిది?"

జవాబు తెలియని ప్రశ్న ఆవిడ అడగడం ఓర్నెల్లా వినడం అదే మొదటిసారి.