‘లేస్తుంది’ అని చెప్పిన అమ్మను వెతుక్కుంటూ

మా ఆవిడ కరుణ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ప్రార్థన స్థలాలకి వెళ్ళొచ్చి రాసుకునే ఈ బ్లాగులో ఒక పోస్టు పెట్టాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి వచ్చినన్ని ‘ఆమెన్’లు నేను రాసిన ఏ ప్రార్థన కొండకీ, ఏ ఉపవాస కూడికకీ రాలేదు మరి. పక్క మంచంలోని చెల్లెల్ని చూడ్డానికి పర్చూరు వైపు పల్లె నుంచి వచ్చిన దీనమ్మ అనే పెద్దావిడ కరుణ తల మీద చెయ్యి వేసి ప్రార్థించి, "ఈ పాప లేస్తుంది" అని చెప్పిందని అందులో రాశాను. ఆ తర్వాత ఇరవై రోజులకి కరుణ చనిపోయింది. ఆ సంగతి మాత్రం రాయలేదు. అందుకే ఇప్పటికీ వారానికి ఒకరైనా "బ్రదర్, ఆ అమ్మ అడ్రసు పెట్టండి, బస్సు రూటు చెప్పండి" అని అడుగుతూనే ఉన్నారు. ఎనిమిది నెలలు ఎవరికీ జవాబివ్వలేదు. మొన్న ఫిబ్రవరిలో ఒక శనివారం బయలుదేరాను. దేవుడు నిజంగా ఆ మాట చెప్పాడా అని ఆవిణ్ణే నిలబెట్టి అడుగుదామని.

ఆ మాట నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనివ్వండి. తను లేవదని కరుణకి తెలిసిపోయింది. చివరి వారంలో మూడు నాలుగుసార్లు "ఏవండీ, మీకొక మాట చెప్పాలి, కాస్త కూర్చోండి" అంది. ప్రతిసారీ నేను "అవిశ్వాసపు మాటలు మాట్లాడకు. దేవుడు లేస్తావన్నాడు. లేచాక చెబుదువుగాని" అని నోరు మూయించాను. బడిలో పిల్లల్ని గదమాయించినట్టే గదమాయించాను. ఆఖరిసారి తను చిన్నగా నవ్వి గోడవైపు తిరిగింది. ఆ మాటేమిటో నాకిక తెలియదు. అప్పట్నుంచి నేను ప్రార్థన చెయ్యలేదు. ఆదివారం చర్చికి వెళ్తాను, పాటలు పాడతాను, కళ్ళు మూసుకోమంటే మూసుకుంటాను. లోపల మాత్రం ‘నువ్వు అబద్ధమాడావు’ అన్న ఒక్క మాటే తిరుగుతుంటుంది.

గుంటూరు బస్టాండులో ఉదయం ఆరింటికి చిలకలూరిపేట బస్సెక్కితే ఏడుంబావుకి దించాడు. అక్కడ టీ తాగి పర్చూరు వెళ్ళే పల్లెవెలుగు పట్టుకున్నాను. అది ఆగని ఊరు లేదు, గంట పైనే పట్టింది. రెండు టికెట్లూ కలిపి నూటపాతికలోపే. దారి పొడుగునా పత్తి తీసేసిన చేలల్లో ఎండుకట్టె నిలబడి ఉంది. మిరప మాత్రం మంచి కోతల మీద ఉంది. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి బస్సంతా ఒకటే తుమ్ములు. ఈ కాలంలో వచ్చేవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మంచిది. నేను దారంతా దీనమ్మతో ఆడబోయే మాటలు లోపల్లోపలే వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. పరీక్షకి వెళ్ళే పిల్లాడు కూడా అంత చదవడు.

పర్చూరులో షేరు ఆటో మాట్లాడుకుని ఊరి పేరు చెప్పగానే డ్రైవరు నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"ప్రార్థనకాండీ?"

"దీనమ్మగారి దగ్గరికి."

"చేయించుకోడానికైతే ఇదే ఆటోలో ఎనక్కి రండి. ఆవిడ మానేసి శానా నాళ్ళయింది. మొన్న ఒంగోలు నుంచి కారేసుకుని ఎవరో వస్తే, ఆళ్ళని చూసి పత్తికట్టెలో దాక్కుందండీ. మా ఆవిడ కాళ్ళు పట్టుకున్నా చెయ్యనంది."

"ఎందుకట?"

"ఏమోనండీ. ఆవిడా చెప్పదు, దేవుడూ చెప్పడు."

నన్ను కాలువ దగ్గర దించి, ఇరవై రూపాయలు తీసుకుని వెళ్ళిపోయాడు. కట్ట మీద పావుగంట నడిచాను. నల్లరేగడి చేలో పదిమంది ఆడవాళ్ళు వంగి మిరపకాయలు కోస్తున్నారు. చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, అరవై దాటిన దీనమ్మ చివరి సాలులో ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చేతులు మాత్రం ఆగలేదు.

"వందనాలయ్యా. మీరొస్తారని తెలుసు. ఇన్నాళ్ళు పట్టిందేందా అనుకుంటన్నా."

"మీతో మాట్లాడాలమ్మా."

"సాలు పట్టాక మధ్యలో లేస్తే నా పని పక్కోళ్ళ మీద పడుద్ది. ఆ పక్క సాలు పట్టండి. కోసుకుంటా మాట్లాడదాం."

ఇరవై రెండేళ్ళుగా సుద్దముక్క తప్ప ఏదీ పట్టని తెలుగు మాస్టారిని, ప్యాంటు మడిచి సాలు పట్టాను. నేను తొడిమ చెట్టుకే వదిలేసి కాయ లాగుతుంటే ముందు సాలులో అమ్మాయి కిసుక్కున నవ్వింది. బస్సులో వల్లె వేసిన మాటల్లో ఒక్కటీ రాలేదు. నడుం వంచితే కోపానికి ఊపిరందదని అప్పుడే తెలిసింది.

"కరుణ పోయిందమ్మా" అన్నాను.

"తెలుసయ్యా. పక్క మంచంలో ఉన్న మా చెల్లెలు చెప్పింది."

"లేస్తుందన్నారు మీరు. దేవుడు చెప్పాడా ఆ మాట?"

ఆవిడ ఒక చెట్టంతా కోసి, పక్క చెట్టుకి వెళ్ళాక అంది. "చెప్పలా."

నేను కోయడం ఆపేశాను.

"ప్రార్థన చేసినంతసేపూ నాకేం వినపళ్ళా మాస్టారూ. ఎప్పుడన్నా వినపడుద్ది. శానాసార్లు వినపడదు. ఊరికే లేచి పోయేదాన్నే. మీరు చెయ్యి పట్టుకుని ‘దేవుడేం చెప్పాడమ్మా’ అని మూడుసార్లు అడిగారు. మీ మొహం చూళ్ళేకపోయా. అనేశా."

"అనేశారా?"

"ఆ పాప నా వంక చూసింది. నేను అబద్ధమాడానని తనకి తెలిసిపోయింది. అయినా ఏమనలా. మీ కోసం ఊరుకుంది."

అక్కడే సాళ్ళ మధ్య కూలబడ్డాను. ఎనిమిది నెలలు దేవుడి మీద కోపంతో బతికాను. తిట్టుకోడానికి ఒకడుంటే రోజు గడిచిపోతుంది. తీరా చూస్తే ఆయన ఏమీ అననే లేదు. ఈ ముసలావిడ జాలిపడి ఒక మాట అంది, ఆ మాట పట్టుకుని కరుణ నోరు మూయించింది నేను. దేవుడు అబద్ధమాడి ఉంటేనే బాగుండేదని నిజంగా అనిపించింది. ఏడుపు ఆగక రెండు చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. మిరపకాయలు కోసిన చేతులు! నేను పెట్టిన కేకకి చేలో ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఇందాక నవ్విన అమ్మాయే తాగే నీళ్ళ క్యాను తెచ్చి నా కళ్ళలో కుమ్మరించింది. "ఈడ ఏడవాలంటే మోచేత్తో తుడుచుకోవాల సారూ" అంది. ఈసారి నవ్వలేదు.

పన్నెండున్నరకి గట్టు మీద తుమ్మచెట్టు కింద అన్నాలకి చేరారు. ఆ ముఠాలో అందరూ క్రైస్తవులే. మనలా చేతులు జోడించి మొహానికి ఆనించుకోరు. అరచేతులు పైకి తిప్పి మోకాళ్ళ మీద దూరంగా పెట్టుకుంటారు. దీనమ్మ తల వంచుకుంది గానీ నోరు విప్పలేదు.

"మీరు చెయ్యండి మాస్టారూ" అంది. "నాకు మాట రావట్లా. నోరు తెరిస్తే ఇది కూడా నేనే కల్పిస్తన్నానేమోనని భయం."

నేనూ చెయ్యలేనన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, అలాగని ఎవరూ అన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు. పొద్దున్నుంచి వంగి పనిచేసిన మనుషులు నా కోసం ఆకలితో కూర్చున్నారు. కాసేపటికి నోటికొచ్చింది అనేశాను. "ప్రభువా, కరుణ ఏదో చెప్పాలనుకుంది. నేను చెప్పనివ్వలేదు. అదేమిటో నీకు తెలుసు. నాకు తెలియదు." అంతే. స్తోత్రం లేదు, అడగడానికేమీ లేదు. దీనమ్మ "ఆమెన్" అంది. ఇక్కడ చల్లటి గాలి వీచిందనో, గుండె తేలికపడిందనో రాస్తే మీకు బాగుంటుందని తెలుసు. ఇదివరకు అలాంటివి చాలానే రాశాను. ఏ గాలీ వీచలేదు. కళ్ళు మండుతూనే ఉన్నాయి. చేతులు కూడా మండుతుంటే రాసుకోమని గ్లాసులో మజ్జిగ పోసిచ్చారు, తాగేశాను. మూడింటికి పర్చూరులో బస్సెక్కి, చీకటి పడేలోపు ఇంటికి చేరాను.

ఇరవై ఏళ్ళు ప్రార్థన చేశాననుకున్నాను. వెనక్కి చూసుకుంటే అదంతా అడగడం, అడిగింది ఎప్పుడిస్తావని తొందరపెట్టడం. ఆయనకి తెలిసిన నిజాన్ని ఆయనతోనే చెప్పుకోవడం ఆ చేలో మొదటిసారి. దానివల్ల శాంతి వచ్చిందా అంటే రాలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని అదే నాలుగు ముక్కలు చెబుతాను. ఆయన పలకడు. ఒకే ఇంట్లో మాటల్లేని ఇద్దరు మనుషుల్లా ఉంది మా వ్యవహారం. కానీ కోపం ఉన్నప్పుడు నేను ఆయన్ని తిట్టి వెళ్ళిపోయేవాణ్ణి, ఇప్పుడు వెళ్ళడానికి నాకు చోటు లేదు. దీన్ని దగ్గరవడం అంటారో ఏమంటారో నాకు తెలియదు. కరుణ ఉంటే చెప్పేది.

అడ్రసు అడిగినవాళ్ళు క్షమించండి, ఆ పల్లె పేరు రాయను. ఆవిణ్ణి కాయలు కోసుకోనివ్వండి. మీరు ఏ ఊళ్ళో, ఎవరి దగ్గరికి ప్రార్థనకి వెళ్ళినా పనికొచ్చే సలహా ఒకటి మాత్రం చెబుతాను. ప్రార్థన చెయ్యమని అడగండి, కాసేపు పక్కన కూర్చోమని అడగండి. దేవుడేం చెప్పాడని మాత్రం అడక్కండి. మన మొహాలు చూసి, పాపం, వాళ్ళు చెప్పేస్తారు.