కౌన్సిలరు ఆఫీసు ముందు క్యూ

బజారు మెట్ల కింద కుట్టుమిషను పెట్టుకుని చిరుగులూ జిప్పులూ బాగుచేసే ఆవిడని అందరూ మిషనక్క అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి. గీచి గీచి బేరమాడేవాళ్లకి కూడా ఎదురు చెప్పేది కాదు.

ఒకసారి మున్సిపాలిటీవాళ్లు బజారులో ఆడవాళ్లకున్న ఒక్క మరుగుదొడ్డినీ మూసేసి, ఆ గదిని ఎవరికో గోడౌనుగా ఇచ్చేశారు. ఇక అమ్ముకునే ఆడవాళ్లంతా పొద్దున ఇంటి దగ్గర గుక్కెడు నీళ్లు తాగితే మళ్లీ సాయంత్రమే. ఒక మధ్యాహ్నం చేపల పిన్ని కళ్లు తిరిగి బుట్టల మధ్య పడిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు, "నీళ్లెందుకు తాగట్లేదమ్మా?" అనడిగితే సిగ్గుతో గోడవైపు తిరిగింది. తోడొచ్చిన మిషనక్కకి కడుపు మండిపోయింది. తనదీ అదే బాధ మరి.

ఇంటికెళ్లి మొగుడితో చెప్పింది. అతను వ్యాను డ్రైవరు.

"కౌన్సిలరు దగ్గరికెళ్లి ఈ మాట చెప్తావా? నలుగురూ నవ్వుతారే!"

"నవ్వనీ. ఆ నలుగురూ ఒంటికి వెళ్లరా ఏంటి?"

వెళ్లింది. "చూద్దాం" అన్నాడు కౌన్సిలరు. చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఆయన విసుక్కుని, జనం ముందే అనేశాడు. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా? అంత అర్జంటైతే మా ఆఫీసు బాత్రూముకే రండమ్మా, ఎవరొద్దన్నారు?"

అక్కడున్నవాళ్లు గొల్లుమన్నారు. మిషనక్క మొహం కందిపోయింది. "సరేనండీ" అని బయటికొచ్చేసింది.

మర్నాడు కొట్టుకొట్టుకీ తిరిగి, "కౌన్సిలరు గారు రమ్మన్నారు, పదండి" అంది. ప్లాస్టిక్ సామాన్లమ్మే వదిన జంకింది.

"పరువు బజారున పడుతుందేమో!"

"మనముండేదే బజార్లో కదా వదినా, ఇంకెక్కడ పడతాం?"

మొదటిరోజు వచ్చింది కొద్దిమందే. గుమస్తా అడ్డం పడితే, మిషనక్క "సారే రమ్మన్నారండీ, అందరూ విన్నారు" అంది. తర్వాత రోజుల్లో వరస వీధిలోకి సాగింది. పొద్దెక్కేసరికి ఆఫీసు ట్యాంకు ఖాళీ. పనుల మీద వచ్చిన పెద్దమనుషులు చేపల పిన్ని వెనకాల నిలబడాల్సొచ్చింది.

కౌన్సిలరు తల పట్టుకున్నాడు. "ఏదో మాటవరసకి అన్నాను తల్లీ!"

"మాకు మాటవరసకి రాదు కదండీ. నిజంగానే వస్తుంది."

ఆ సాయంత్రమే మెట్ల కింద జాగా ఖాళీ చెయ్యమని బజారు మేనేజరు కబురంపాడు. ఎందుకో అడగక్కర్లేదు. ఆవిడ దారాలూ కత్తెరా సంచిలో సర్దుకుంది. మొగుడు వచ్చి మిషను వ్యానులోకెక్కించాడు.

"ఎక్కడ దింపమంటావ్?"

"కౌన్సిలరు ఆఫీసుకి ఎదురుగా."

అతను ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, బండి అటే తిప్పాడు.

రోడ్డు పక్కన గొడుగు కింద కుట్లు వేస్తూ, క్యూలోవాళ్లకి వంతులు చెప్తూ గట్టిగా కూర్చుంది. ఎండలు తగ్గేలోపు గోడౌను ఖాళీ అయింది, మరుగుదొడ్డి తలుపు తెరుచుకుంది. మెట్ల కింద జాగా మాత్రం తిరిగి రాలేదు. మరుగుదొడ్లో నీళ్లు కూడా మధ్యాహ్నం దాకానే.

అందుకే కౌన్సిలు మీటింగు ఉందంటే చాలు, మిషనక్క పని కట్టేసి పోయి జనం కోసం వేసిన బెంచీ మీద కూర్చుంటుంది. మైకు చేతికొస్తే గొంతు ఇప్పటికీ వణుకుతుంది. వణుకుతూనే, చెప్పాల్సిందంతా చెప్పి మరీ కూర్చుంటుంది.