చప్పుడు లేని కేబినెట్

నల్గొండలో కంప్యూటర్ దుకాణానికి పోయి చప్పుడు చేయని కేబినెట్ కావాలని అడిగితే, దుకాణాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కేబినెట్ అంటే కంప్యూటర్ సామాను అంతా బిగించి పెట్టే డబ్బా. మా దిక్కు చాలామంది దాన్నే సీపీయూ అంటారు. ఆ దుకాణంలో గోడ పొడవునా అద్దాల డబ్బాలే. ఒక్కో దాంట్లో నాలుగైదు ఫ్యాన్లు, ఫ్యాన్‌కో రంగు.

“లైట్లు ఏ రంగువి కావాల్నో చెప్పక్కా. చప్పుడుదేముంది? ఫ్యాన్ తిరిగినంక జర వస్తది,” అన్నాడాయన.

నాకు లైట్లు వద్దు. ఆ ముక్క గట్టిగా చెప్పే ఓపిక కూడా ఆ రోజు లేదు. మే నెల ఎండలో నకిరేకల్ నుంచి బస్సులో నిలబడి వచ్చాను. కూర్చోమని స్టూలు వేస్తే అదే పదివేలనుకున్నాను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. తెలంగాణ వచ్చిన ఏడాది మొదలుపెట్టాను, ఇప్పటికీ అదే పని. నకిరేకల్, చిట్యాల స్టూడియోల వాళ్లు పెళ్లి తీసి మెమరీ కార్డులు తెచ్చిస్తారు. ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా కోసి, అతికించి, పాటలు పెట్టి ఇవ్వడం నా వంతు. ముహూర్తాలున్న నెలల్లో పొద్దున ఆన్ చేసిన కంప్యూటర్ పొద్దుగూకే దాకా ఆగదు. అది ఆగదు కాబట్టి నేనూ ఆగను. ఊరివాళ్ల సంతోషాలన్నీ చూసీ చూసీ నాకు కళ్ల మంటలు పుడతాయి. మా ఇంట్లో పెళ్లి జరిగినా నేను చివరిదాకా కూర్చోలేనేమో.

మాది కిరాయి ఇల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో ఒక పక్క నా కంప్యూటర్ బల్ల, ఇంకో పక్క మా అవ్వ మంచం. మేము కన్నతల్లినే అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ గొర్ల వెనక బతికిన మనిషి. బాపు పోయాక కూడా కొన్నేళ్లు మందను ఒక్కతే కాసింది. మోకాళ్లు మొరాయించాక జీవాలను అమ్మేసి నా దగ్గరికి వచ్చింది. ఆమెకు కొడుకులు లేరు. నేనొక్కదాన్నే.

మా వాళ్లలో బిడ్డ ఇంట్లో ఉండడమంటే ఒదిగి ఉండడం. అల్లుడి ఇంట్లో ఇది కావాలి, అది వద్దు అని నోరు తెరవకూడదు. మా ఆయన చిట్యాల దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. మంచివాడు. “నీ ఇల్లే అనుకో అత్తా” అని ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె కొంగు సర్దుకునేదే తప్ప మాట్లాడేది కాదు. కూరలో ఉప్పు మరిచిపోయినా అట్లాగే తినేది. కిటికీ ఎండ మొహం మీద పడుతున్నా మంచం జరపమని అడిగేది కాదు. నేనే చూసి జరపాలి. చూడకపోతే అంతే.

వచ్చేనాటికే ఆమెకు వినికిడి సగం తగ్గింది. జిల్లా దవాఖానలో చూపిస్తే చెవి మిషన్ ఇచ్చారు. మొదటి వారం పెట్టుకుని మురిసిపోయింది. హైవే మీద లారీ హారన్లు, పక్కింటి కుక్కర్ విజిల్, అన్నీ నాకు లెక్క చెప్పేది. ఆ తర్వాత ముహూర్తాలు మొదలయ్యాక ఒకరోజు మిషన్ తీసి వక్కల సంచిలో వేసుకుంది. మళ్లీ బయటికి తియ్యలేదు.

“పెట్టుకో అవ్వా,” అంటే “పెట్టుకుంట తియ్యి” అనేది. పెట్టుకునేది కాదు. మొండితనం అనుకున్నాను. వయసు మీద పడితే అంతేనని మా ఆయన సర్దిచెప్పేవాడు. ఆయనకేం, పొద్దంతా ఫ్యాక్టరీలో ఉంటాడు. చాయ తాగుతావా అనే మాట మూడుసార్లు అరిచేదాన్ని నేను. చెవిటివాడి ముందు శంఖం ఊదడమని ఊరికే అనలేదు పెద్దలు. తల్లీబిడ్డలు రోజూ కొట్లాడుకుంటారని వాడకట్టంతా అనుకునేది. ఇట్లా రెండేళ్లు గడిచాయి.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగిపోతే గోడకు ఆనుకుని కూర్చున్నాను. అవ్వ ఏమీ అనకుండా సంచి విప్పి, మిషన్ తీసి చెవికి పెట్టుకుంది. “బయట వాన సురువైనట్టుంది బిడ్డా,” అంది. నిజంగానే చినుకులు పడుతున్నాయి. ఆ పూట ఇద్దరం చాలాసేపు ముచ్చట పెట్టుకున్నాం. నేను కడుపులో ఉండగా మంద వెంట కృష్ణానది దాకా నడిచిపోయిన సంగతి అప్పుడే చెప్పింది. నేను పుట్టి ఇన్నేళ్లయినా ఆ మాట నాకు తెలియదు. కరెంటు వచ్చింది, నేను లేచి కంప్యూటర్ ఆన్ చేశాను. ఆమె చెయ్యి టక్కున చెవి దగ్గరికి పోయింది.

అప్పుడు చూశాను. మిషన్ ఆమె చేతిలోంచి తీసుకుని నా చెవికి పెట్టుకున్నాను. కంప్యూటర్ ఫ్యాన్ చప్పుడు నెత్తి లోపలే మోగింది, పిండిమిల్లులో తల పెట్టినట్టు. రెండు నిమిషాలు కూడా భరించలేకపోయాను.

“ఇదేనా అవ్వా నీ బాధ? చెప్పొచ్చు గదా?” అని అరిచాను.

“చెప్తే ఏం జేస్తవ్ బిడ్డా? అది నీకు బువ్వ పెట్టే మిషన్. నేనొచ్చి బంద్ పెట్టమంటనా?”

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. రెండేళ్లు ఆ పుండు మీద కూర్చుని పొడిచిన కాకిని నేనే. సిగ్గేసింది. నేను పని చేసుకుంటూ ఉండగా మా అవ్వ మిషన్ పెట్టుకుని అదే గదిలో కూర్చోవాలి, అరుచుకోకుండా నాలుగు మాటలు చెప్పుకోవాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు అనుకున్నాను. ఎట్లాగూ కంప్యూటర్ పాతబడింది, లోపలి సామాను కొత్తది వేయాలి. వేసేదేదో చప్పుడు లేని డబ్బాలో వేద్దామని ఆ మే నెలలో నల్గొండ బస్సు ఎక్కాను.

దుకాణాయన ఒక అద్దాల కేబినెట్‌ను దించి, ఫ్యాన్లు తిప్పి, “చెవు పెట్టి ఇను అక్కా,” అన్నాడు. చెవి పెట్టాను. ఏమీ వినిపించలేదు. సంతోషంగా కొనుక్కుని వచ్చాను. దుకాణంలో నా వెనకాల డ్రమ్మంత కూలర్ గాలిదుమారంలా తిరుగుతోందన్న సంగతి నాకు తట్టలేదు. నల్గొండలో పుట్టి పెరిగినవాళ్లకు మే నెలలో కూలర్ మోత ఒక చప్పుడే కాదు. ఇంటికి వచ్చాక మా కూలర్ కూడా అంతే. మృగశిర కార్తె వెళ్లి వానలు కుదురుకున్నాక కూలర్ కట్టేశాను. అప్పుడు బయటపడింది దాని గొంతు. ముందువైపు అంతా అద్దం, గాలి దూరే సందు లేదు. పాపం ఫ్యాన్లు ఊపిరాడక రొప్పుతున్నాయి. పాతదే నయం అనిపించింది.

అవ్వ మాత్రం మంచం మీద నుంచి ఆ లైట్లను చూస్తూ, “మంచిగుంది బిడ్డా,” అంది. ఆమె దేన్నయినా మంచిగుందనే అంటుంది.

దాన్ని వాపసు తీసుకోమని అడగడానికి మొహం చెల్లలేదు. ఇంట్లోనే ఏదో ఒకటి చేద్దామని చూస్తే బాపు గొంగడి కనబడింది. చెయ్యి పెడితే మెత్తగా, దళసరిగా ఉంటుంది. గొంగడి కప్పుకుంటే పక్కన ఉరిమినా వినబడదని చిన్నప్పుడు నాకు అనుభవమే. దాన్ని మడిచి కేబినెట్ మీద, పక్కలకూ కప్పేశాను. చప్పుడు సగానికి తగ్గింది. నా తెలివికి నేనే మెచ్చుకుని ఒక పెళ్లి తాలూకు వీడియో మొత్తం రెండర్‌కు, అంటే ముక్కలన్నీ కలిసి ఒకే ఫైలు కావడానికి పెట్టి, బట్టలు ఉతకడానికి పోయాను. వచ్చేసరికి తెర నల్లగా ఉంది. లోపల వేడెక్కి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. ఫైలు పాడై రెండు రోజుల పని మళ్లీ మొదటికి వచ్చింది. విప్పి చూస్తే ఫ్యాన్ల రెక్కలకు నల్ల ఉన్ని పోగులు చుట్టుకుని ఉన్నాయి. ఏ కంపెనీవాళ్లూ ఊహించి ఉండరు ఈ రోగాన్ని.

అవ్వ పక్కన కూర్చుని ఒక్కో పోగు వేళ్లతో తీసింది. “గొంగడి సలికి, వానకు. గింత కాగుతున్నదానికి గొంగడి కప్పుతరా బిడ్డా?” అంది.

ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదని చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

“నీ ఇల్లు, నీ మిషన్. నేనేమంట?”

ఆ మాట వింటే నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ తెలియదు.

తర్వాత నెలంతా ఫోన్‌లో వీడియోలు చూశాను. అన్నం తింటూ, బస్సు కోసం నిలబడి, అవే చూశాను. ఎవరెవరో కేబినెట్ ముందు చప్పుడు కొలిచే మీటర్ పెట్టి డెసిబెల్స్ లెక్క చెబుతున్నారు. అంత నిశ్శబ్దమైన గదులు ఎక్కడున్నాయో వాళ్లకు. ఒక్క సంగతి మాత్రం అర్థమైంది. మూసిపెడితే చప్పుడు తగ్గదు. గాలి తేలిగ్గా ఆడాలి, ఫ్యాన్ పెద్దదై మెల్లగా తిరగాలి, పక్క తలుపుల లోపల మెత్తటి పొర ఉండాలి. దుకాణాయనకు ఫోన్ చేసి మోడల్ పేరు చెప్పాను.

“నల్లటి ఇనుప డబ్బా అక్కా అది. లైటు లేదు, అద్దం లేదు. గా డబ్బా పెట్టుకుంటే ఎవరన్న చూస్తరా?”

“చూడొద్దన్నా. ఇనొద్దు కూడా.”

హైదరాబాద్ నుంచి తెప్పించాడు. పొట్టేలంత బరువుంది. మా ఆయనకు సెలవున్న రోజు చూసి, నేలమీద చాప పరిచి పాత దాంట్లోంచి సామానంతా విప్పి వరసగా పెట్టాను. అవ్వ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. ఒక స్క్రూ జారి మంచం కిందికి దొర్లితే వెతికి ఇచ్చింది ఆమే. బిగించడం అయ్యేసరికి నా నడుము పడిపోయింది. స్విచ్ వేశాను. మా ఆయన కాసేపు చూసి, “ఆన్ గాలేదు, ప్లగ్ జూడు,” అన్నాడు. తెర మీద వెలుగు వచ్చాక గానీ నమ్మలేదు. పెద్ద వీడియో పెట్టి పరుగెత్తించినా అంతే. చెవి ఆనిస్తే తప్ప తెలియదు.

అవ్వకు సైగ చేశాను. ఆమె సంచి విప్పి మిషన్ పెట్టుకుంది. కాసేపు చెవి మీద చెయ్యి అట్లాగే ఉంచి, తర్వాత చెయ్యి దించింది. “ఏం మోగుతలేదు బిడ్డా,” అంది. ఆ రోజు నేను ఏడ్చాను. అలసటకు ఏడ్చానో, సంతోషానికి ఏడ్చానో అడిగితే చెప్పలేను.

వారం రోజులు బాగానే గడిచాయి. ఇక ఇప్పటిదాకా దాచిన మాట ఒకటి చెప్పాలి.

అవ్వకు వినబడని ఆ రెండేళ్లలో నాకొక అలవాటు పట్టుకుంది. నా పనికి ఆమె అడ్డం వచ్చినప్పుడల్లా తెర మీద నుంచి చూపు తిప్పకుండా గొణుక్కునేదాన్ని. మొదట్లో విసుగు మాటలే. తర్వాత తర్వాత నోటికి ఏది వస్తే అది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, వినబడని మనిషి ఇంకెంత లోకువో నన్ను అడగాలి. బయట ఎవరితోనైనా అంటే కొట్టే మాటలు, ఆమె పక్కనుండగానే రోజూ అన్నాను. అన్నానని నాకే గుర్తుండేది కాదు.

శ్రావణమాసం. మూడు పెళ్లిళ్లు మీద పడ్డాయి, అవతల స్టూడియో అతను గంట గంటకూ ఫోన్ చేస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది. అవ్వ అన్నం తినమని ఒకసారి పిలిచింది. తర్వాత మళ్లీ పిలిచింది. మూడోసారి పళ్లెంలో కలుపుకుని నా పక్కకే తెచ్చింది.

“రెండు బుక్కలు తిని చేసుకో బిడ్డా.”

“ఎన్నడు ఇడుస్తదో నాకీ పీడ,” అన్నాను. మెల్లగానే అన్నాను, ఆ రెండేళ్లూ అన్నట్టే.

పళ్లెం నా పక్కన ఆగిపోయింది. తలెత్తి చూశాను. మిషన్ ఆమె చెవికి ఉంది. గదిలో నా మాట తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టి, మంచం అంచున కూర్చుంది. కోప్పడలేదు. కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అట్లా చేసి ఉంటే నేను కాళ్ల మీద పడేదాన్ని.

“రోజు గిదే అంటవా?” అని అడిగింది.

నేను కుర్చీ ఆమె వైపు తిప్పాను.

“నీ పెదాలు కదులుడు నాకు అవుపడేది. నాతోని ఏదో ముచ్చట చెప్తున్నవనుకున్న. ఇనవడకున్నా, నీ మనసు చిన్నగైతదని తలకాయ ఊపేదాన్ని.”

అవును, ఊపేది. రెండేళ్లు నేను ఏమన్నా నవ్వుతూ తల ఊపేది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

“తప్పైంది అవ్వా,” అన్నాను. వినబడేట్టే అన్నాను. అరవాల్సిన పని లేకపోయింది.

చెవి మిషన్ తీసేస్తుందేమోనని ఆమె చేతుల వైపే చూశాను. తీసేస్తే నాకు కొంత సులువయ్యేది. ఆమె తీయలేదు. నేను పళ్లెం దగ్గరికి జరుపుకుని ఆమె చూస్తుండగా తినడం మొదలుపెట్టాను. ఎక్కడా తల ఊపకుండా, నేను తినడం అయ్యేదాకా ఆమె వింటూ కూర్చుంది.