లింగమూర్తి గారి గేరు పిడి

లింగమూర్తి గారికి ఒక్కటే జబ్బు. గుండ్రంగా ఏ వస్తువు కనబడినా, దాన్ని తన కారు గేరు రాడ్డుకి తగిలించి చూడనిదే ఆయనకు అన్నం సయించదు. అది మీ తలుపు గుబ్బ కావచ్చు, మంచం కోడు బుడిపె కావచ్చు, బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ కావచ్చు. ఆయన మీ ఇంటికొచ్చి వెళ్లాక ఒకసారి అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది.

ఆ కారు కూడా అలాంటిలాంటిది కాదు. ఎర్రటి రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, నాకంటే వయసులో పెద్దది. బంజారాహిల్స్‌లో ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై ఏళ్లు డ్రైవరుగా చేస్తే, ఆయన ప్రాక్టీసు మానేసిన రోజున తాళాలు ఈయన చేతిలో పెట్టారట. దాన్ని కొండాపూర్‌లో తన ఇంటి పక్క రేకుల షెడ్డులో కట్టేసి, పాడి గేదెను చూసుకున్నట్టు చూసుకునేవారు.

తొంభైతొమ్మిదిలో నేను ఆయన ఇంట్లో పైగది కోసం వెళ్లాను. అప్పటికి సైబర్ టవర్స్ కొత్తగా లేచింది. దాని చుట్టూ బండరాళ్లు, గేదెలు, మాలాంటి ప్రోగ్రామర్లు తప్ప ఇంకేమీ లేవు.

"నమస్కారమండీ, గది ఖాళీగా ఉందని..."

"ఎడమచెయ్యి చాపుండ్రి."

చాపాను. అరచేతిని నొక్కి, వేళ్లు మూసి తెరిచి, ఆయన పెదవి విరిచారు.

"మెత్తగున్నది సారూ. మీకు టేకు పిడి పనికిరాదు, జారుతది. పోండ్రి, గది మీదున్నది, చూస్కోండ్రి."

ఈ చెయ్యి పట్టే అలవాటు వల్లే మా ఆఫీసులో నితీష్ బోల్తా పడ్డాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని ప్రపంచం బెంగపెట్టుకున్న రోజులవి. ఆ తికమక సరిచేయడమే మా ఉద్యోగం. జనవరి ఒకటి తర్వాత మా గతేమిటన్నది మాలో ఎవరికీ తెలియదు. లింగమూర్తి గారు హస్తసాముద్రికులని ఎవరు చెప్పారో గానీ, నితీష్ తలంటు పోసుకుని, కొబ్బరికాయతో సహా వచ్చి ఎడమచెయ్యి చాపాడు.

లింగమూర్తి గారు శ్రద్ధగా నొక్కి చూశారు. "నువ్వు మూడో గేర్ల ఉన్నవు బిడ్డా. నాలుగోది ఎయ్యనీకి భయపడ్తున్నవు."

నితీష్‌కి ఒళ్లు జలదరించింది. "నిజమే సార్! మూడేళ్లుగా ఒకే కంపెనీ!" అని కాళ్లకు దండం పెట్టి, వారం తిరక్కుండా ఉద్యోగం మారాడు. కొబ్బరి పచ్చడైంది. చిప్ప మాత్రం ఆదివారానికి గేరు రాడ్డెక్కింది.

ఆదివారం ఆదివారం కొత్త పిడి పరీక్ష. పక్క సీట్లో నేను సాక్షిని. కేరమ్ స్ట్రైకరూ, ఇత్తడి గంటా, చివరికి వాళ్లావిడ పోచమ్మ గారి పప్పుగుత్తీ, అన్నీ అయ్యాయి. పప్పుగుత్తి పెట్టిన రోజున రెండో గేరు వేసినప్పుడల్లా కారంతా పోపు వాసన.

"నా గుత్తేదయ్యా?" అని పోచమ్మ గారు వాకిట్లో నిలబడి అడిగేవారు.

"జర ఆగవే. గచ్చిబౌలి దాంక పోయొస్త, ఇస్త."

"అందరు షికారుకు పెండ్లాన్ని తోల్కపోతరు, నువ్వు గుత్తిని తోల్కపోవట్టినవ్!"

ఇదంతా సరదాగానే సాగుతుండగా యాదయ్యకు దెబ్బ తగిలింది. యాదయ్యది పక్కిల్లు. మా ఆఫీసు వ్యాను నడిపేవాడు. పదిహేనేళ్ల అనుభవమున్న డ్రైవరు, మనిషి బంగారం. సొంతింటి స్లాబు పనిలో సెంట్రింగ్ చెక్క జారి ఎడమచేతి మీద పడింది. దవాఖానలో ఎముకలు అతికాయి గానీ వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. గేరు వేసేది ఆ చేత్తోనే మరి.

వ్యాన్ల కాంట్రాక్టరు రామ్మోహనరావు గారు గోదావరి జిల్లా మనిషి, మర్యాదస్తుడు. "మూడు నెలలు టైమిస్తున్నానయ్యా. డిసెంబరు ఒకటిన నా పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించు. నడిపావా, సీటు నీది. లేదంటే గేటు దగ్గర డ్యూటీ ఇస్తాను," అన్నారు.

"గేటు తీస్తె బండ్లన్ని పోతయి సారూ, నేనొక్కన్నే ఆడ్నే ఉంట," అన్నాడు యాదయ్య నాతో. ఏదైనా సాయం కావాలా అని అడిగాను. "నాకెవ్వని సాయం అక్కర్లేదు," అని విసురుగా వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లింగమూర్తి గారి జబ్బు ముదిరింది. అంతకుముందు పిడి ఒక్కటే మార్చేవారు. ఇప్పుడు ఏకంగా రాడ్డునే కోసి, స్క్రాపులో తెచ్చిన ఇంకో రాడ్డు ముక్కను వెల్డింగ్ చేయించి, సీటు వైపు వంచారు. దాని మీద ఒకవారం చంకకర్ర తలలాంటిది, ఇంకోవారం గరిటెలాంటిది, ఆపై వారం గొడుగు కొక్కెంలాంటిది. అంత అందమైన కారు లోపల చూస్తే వంటింటి సామాన్ల కొట్టులా తయారైంది.

ఒక ఆదివారం నాలుగు వేళ్లూ తువ్వాలుతో కట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు.

"ఏమైందండీ?"

"ముల్లు గుచ్చింది."

"నాలుగు వేళ్లకూనా?"

"నాలుగు ముండ్లు సారూ! ఎక్కుండ్రి!"

ఎక్కాను. కారు తిన్నగా వెళ్లి కొత్త అపార్టుమెంటు ఇసుక కుప్పలో దూరింది. ఈయన మాత్రం దిగకుండా, "ముందుకు దొబ్బుతె పడ్తున్నది, ఎనుకకు గుంజ వస్తలేదు," అని గొణుక్కుంటూ కూర్చున్నారు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండిన సంగతి ఇంకోటి. పిడి మార్చినప్పుడల్లా గోడ మీంచి కేకేసి యాదయ్యను పిలిచేవారు.

"యాదన్నా, జర వచ్చి చూడు! ఈ కంప్యూటర్ సారుకేం ఎరుక? నువ్వు చెప్పాలె."

యాదయ్య వచ్చి, ఆ కొయ్యబారిన చెయ్యి పెట్టి కదిపేవాడు. "నడుమ జర గుంతుంటె చెయ్యి ఆగుతది లింగన్నా." లింగమూర్తి గారు నెత్తి కొట్టుకుని బాలానగర్ లేత్ షాపుకి పరుగు.

ఒకరోజు ఉండబట్టలేక దులిపేశాను. "ఆయన బాధలో ఆయనుంటే మీ ఆటలేంటండీ? కాస్త మనసుండాలి మనిషికి!"

"నా కారు, నా ఇష్టం సారూ," అన్నారు. రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

డిసెంబరు ఒకటి వచ్చింది. పొద్దున్నే వ్యాను వాకిట్లో ఆగింది. రామ్మోహనరావు గారు ముందు సీట్లో కూర్చున్నారు. యాదయ్య స్టీరింగు ముందు కూర్చుని గేరు రాడ్డు వైపే చూస్తున్నాడు. అప్పుడు లింగమూర్తి గారు చేతిలో ఒక వస్తువుతో వచ్చారు. అరచెయ్యి ఆనడానికి దోసిలిలాంటి గుంత, దాని పక్కన మణికట్టు దూరేలా వంచిన కమ్మి. ముందుకు నెట్టాలంటే అరచెయ్యి, వెనక్కి లాగాలంటే మణికట్టు. వేళ్లతో పనే లేదు.

"యాదన్నా, ఇది నా కారుకు నప్పలేదు. పారేసే బదులు నీ బండికి పెట్టి చూస్తున్న," అని, మాట్లాడనివ్వకుండా వ్యాను రాడ్డు మీద బిగించారు. నాలుగు చుట్లలో మర గట్టిగా కూర్చుంది.

"ఇంగ్లీషు కారు పిడి వ్యానుకి ఎలా పట్టిందండీ?" అన్నాను వాకిట్లో నిలబడ్డ పోచమ్మ గారితో.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "ఆయన కారుకు అతికిచ్చిన ముక్క గిసుంటి వ్యాను రాడ్డే సారూ. మూడు నెలలసంది కొలతలన్ని యాదయ్యయే. ఇంత సదువుకున్నరు, గదెట్ల తెల్వలే మీకు?"

తెలియలేదు. సిగ్గుతో తల వంచుకుని వ్యానెక్కాను.

కొత్తగూడ ఎత్తు మీద, సరిగ్గా సగంలో, రామ్మోహనరావు గారు "ఆపు" అన్నారు. ఆపాడు. "ఇప్పుడు కదిలించు." వెనక మా ఆఫీసు వాళ్లం పన్నెండుమందిమీ ముందు సీటు వైపు వంగాం. యాదయ్య అరచెయ్యి దోసిలిలో ఆనింది. మొదటి గేరు పడింది. బండి ఒక్క అంగుళం వెనక్కి జారకుండా ఎత్తెక్కింది. మణికట్టు లాగింది, రెండో గేరు.

"రెండు చేతులూ బాగున్న నాకే ఇంత నున్నగా పడదయ్యా," అన్నారు రామ్మోహనరావు గారు. "రేపట్నుంచి వచ్చెయ్." మేము చేసిన గోలకి రోడ్డు పక్క గేదెలు బెదిరాయి.

సాయంత్రం లింగమూర్తి గారికి క్షమాపణ చెప్పుకున్నాను. "ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తె తీస్కునేటోడా వాడు? వానికి ఎన్నడు తెల్వద్దు సారూ," అన్నారు.

తర్వాతి ఆదివారం యాదయ్య గోడ మీంచి అరిచాడు. "ఏం పని చేసినవే లింగన్నా! రివర్స్ గట్టిగున్నది!" లింగమూర్తి గారి ముఖం చేటంతైంది. పానాలూ, రెంచీలూ పట్టుకుని పరుగెత్తారు. పై ఆదివారం చప్పుడొస్తోందట. ఆపై ఆదివారం చెమటకు చెయ్యి జారుతోందట.

నాకు అనుమానమొచ్చి, ఒకరోజు ఆఫీసుకెళ్తూ ముందు సీట్లో కూర్చుని గమనించాను. రివర్స్ వెన్నలా పడింది. చప్పుడూ లేదు, జారడమూ లేదు.

"యాదయ్యా, దీనికేం రోగం?"

వెనక్కి చూసి, గొంతు తగ్గించాడు. "ఏం లేదు సారూ. నాలుగు వేండ్లు కట్టుకొని ఇసుకల కారు గుద్దినోన్ని చూసినంక గూడ నాకు సమజ్ కాదా? నాకు తెల్సిందని ఆయనకు చెప్పకుండ్రి. ఆదివారం ఏదో ఒక పని దొర్కకుంటె ఆయనకు ఎట్ల తెల్లారుతది?" కాసేపు ఆలోచించి, "ఈ వారం ఏం చెప్పాల్నో తోస్తలేదు. సదువుకున్నోల్లు, మీరే ఒక వంక చెప్పుండ్రి," అన్నాడు.

సైబర్ టవర్స్ చేరేదాకా ఆ పిడిని అటూ ఇటూ చూశాను. వంక పెట్టడానికి వీల్లేని పని.

"రంగు బాలేదని చెప్పు," అన్నాను.

"శబాష్ సారూ!" అన్నాడు యాదయ్య. "రెండు వారాలు ఎల్లిపోతది."