కంప్యూటర్లో లేని పొగగొట్టం

తబితాను దొంగ అని మొదట అన్నది మనిషి కాదు, ఒక లాప్‌టాప్. ఆ మాటను నోటితో చదివి వినిపించినవాడు మాత్రం మనిషే. పేరు వరుణ్. విశాఖపట్నం నుంచి కారులో వచ్చాడు.

కాశీబుగ్గ దాటి సముద్రం వైపు వెళ్తే జీడితోటల మధ్య ఉన్న ఊరది. ఆ ఊరి మంచినీళ్ల ప్లాంటును తబితా మూడేళ్లుగా నడుపుతోంది. డాబా మీద పదహారు సోలార్ ప్యానెళ్లు, కింద మోటారు, నీళ్లు వడకట్టే యంత్రం. కరెంటు పుడితేనే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితేనే క్యాన్లు నిండుతాయి. బోరు నీళ్లతో కిడ్నీలు చెడ్డాయని, డయాలసిస్‌కని పలాస ఆసుపత్రికి వారానికి రెండుసార్లు ఆటో కదిలే ఊళ్లో ఆ క్యాను విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్లాంటు పెట్టిన కంపెనీ వాళ్లకు తప్ప.

ఆ కంపెనీ పంపిన వరుణ్ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. తెరమీద ప్యానెళ్ల బొమ్మ నీలంగా, పెళ్లికూతురి అద్దంలా మెరుస్తోంది.

"చూడమ్మా, ఇది మా మోడల్. ఎంత ఎండ కాస్తే ఎంత కరెంటు రావాలో ఇదే చెప్తుంది. రోజుకి ఇరవై యూనిట్లు రావాలి. మీటర్ పన్నెండే చూపిస్తోంది. మిగతా ఎనిమిదీ ఎక్కడికి పోతున్నాయి?"

"నాకేటి తెలుసు బాబూ? పైకెక్కి సూడండి."

"పైకెందుకు? ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, ఇదిగో." తెరను వేలితో తట్టాడు. "ఎవరింటికి లైను లాగావు?"

ఎనిమిది మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కితే తెల్ల బూట్లకు మసి అంటుతుంది కాబట్టి, డాబా మీద ఉన్న ప్యానెళ్లను ఆయన స్టూలు మీదే చూసేశాడు. ఇంతటి చదువు చదివినవాడికి పక్కనే పొగ కక్కుతున్న గొట్టం కూడా కనిపించలేదు. శుక్రవారం రిపోర్టు రాస్తానని, అప్పటికి నిజం చెప్పకపోతే వేరే ఆపరేటర్ వస్తాడని చెప్పి కారెక్కాడు.

ఆ గొట్టం సీతారాంది. నీళ్ల కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. ఈ ఏడు జీడిపిక్కల సీజన్ మొదలవుతుండగా ప్లాంటుకు పడమట జీడి బట్టీ కట్టించి, ఇంత లావు గొట్టం లేపాడు. ఊరికి నీళ్లిచ్చే ప్లాంటు పక్కన ఇదేమిటని అడిగే నోరు కమిటీలో ఒక్కటీ లేదు. ఉన్న నోళ్లన్నీ ఆయనింటి కాఫీ తాగినవే.

గురువారం జెన్నిఫర్ వచ్చింది. తబితా చెల్లెలి కూతురు, టెక్కలిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. పెద్దమ్మను దొంగ అన్నారని విని సెలవు పెట్టి, తన లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల వస్తూనే నిచ్చెన ఎక్కింది. ప్యానెల్ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి వాసన చూసింది.

"పెద్దమ్మా, ఇదేటి, జిడ్డు? ఆముదం వాసనొత్తంది!"

"ఆముదమే. నానే రాసినాను."

"ఓలమ్మో! ఎందుకే?"

తబితా తన చేతులు చాపింది. ఇరవై రెండేళ్లు కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టిన చేతులవి. తొక్కలోంచి చిందే జీడిరసం వేళ్ల కొసలను కాల్చి నున్నగా చేసేసింది. అందుకే పనిలో కూర్చునే ముందు ప్రతి ఆడదీ చేతులకు ఆముదం రాసుకుంటుంది. నూనె ఉంటే జీడి చర్మానికి పట్టదు. బట్టీ పొగ అద్దాల మీద బంకలా పేరుకుంటుంటే, చేతుల్ని కాపాడింది అద్దాల్నీ కాపాడుతుందనుకుంది. వారం వారం పదహారింటికీ ఒళ్లు రుద్దినట్టు రుద్దింది. ఆ నూనెకు తోటల దుమ్మూ బట్టీ మసీ వచ్చి అతుక్కున్నాయి.

ఇద్దరూ కుంకుడు రసంతో కడిగారు. మర్నాడు మీటరు ఎంత చూపిస్తుందో చూడాలని జెన్నిఫర్ ఆ రాత్రికి అక్కడే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్నుంచీ మీటరు పరుగెత్తింది. మధ్యాహ్నం రెండు దాటగానే నీరసపడింది. గొట్టం నీడ డాబా మీదికి పాకి, ఒక ప్యానెల్ మీంచి ఇంకొక దాని మీదికి జరుగుతోంది.

జెన్నిఫర్ తన లాప్‌టాప్‌లో అలాంటి మోడలే తెరిచి చూపించింది. "కరెంటు పుట్టే సోటు, వెనక్కి పోనీకుండా ఆపే డయోడు, దారిలో అడ్డుపడే నిరోధం, పక్కనుంచి కారిపోయే దారి. ఒక్కో ప్యానెల్‌కీ ఈ నాలుగూ లెక్క కడితే నిజం దగ్గరగానే వస్తాది. లెక్క తప్పు కాదు పెద్దమ్మా. ఆ కంపెనీ వోడు అందులో గొట్టం పెట్టలేదు."

"ఒక్క గొట్టం నీడకి ఇంత పోద్దా?"

"అన్నీ ఒకే వరసలో ఉన్నాయి గదా. ఒకదాని మీద నీడ పడితే వరసంతా డీలా పడతాది."

తబితాకు ఇట్టే అర్థమైంది. "ఫ్యాక్టరీలో కటింగు దగ్గర ఒక్కలు కుంటితే పీలింగు వాళ్లందరూ సేతులు కట్టుకుని కూకున్నట్టు."

"అదే!" గొట్టం కొలతలు కొట్టి మీట నొక్కింది జెన్నిఫర్. లెక్క పదిహేను దగ్గర ఆగింది. సాయంత్రానికి మీటరూ పదిహేను దగ్గరే ఆగింది. "సూసినావా? ఆముదం వల్ల పోయింది మూడు. గొట్టం తినేసింది అయిదు. నువ్వు నూనె మాట ఎత్తకు. గొట్టం ఒక్కటే సెప్పు."

"ఎందుకెత్తకూడదే? నాను దాస్తే సీతారాం బాబుకీ నాకూ తేడా ఏటి?"

వరుణ్ ఆ సాయంత్రమే సీతారాంను వెంటబెట్టుకుని వచ్చాడు. నీళ్లందక పాతికమంది క్యాన్లతో ఇంకా వరసలోనే ఉన్నారు. తబితా నూనె సంగతీ గొట్టం సంగతీ రెండూ చెప్పింది. సగమే వాళ్ల చెవికెక్కింది.

"అద్గదీ! ఆముదం రాసిందట!" సీతారాం పొట్ట పట్టుకుని నవ్వాడు. "తలంటు కూడా పోసినావేటి తబితా?"

"పోసినాను బాబూ, కుంకుడుకాయతో. మీ గొట్టానికే పొయ్యలేదు."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వరుణ్ మాత్రం నవ్వకుండా కాగితం తీశాడు. ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల ఎనిమిది యూనిట్ల నష్టం అని ముందే అచ్చు వేయించుకొచ్చాడు. "దొంగతనం అని రాయలేదు, సంతోషించు. ఇక్కడ వేలిముద్ర వెయ్."

"నా యేళ్లకి ముద్రలెక్కడివి బాబూ? మీ హాజరు మిషనే మూడేళ్లుగా నన్ను గుర్తుపట్టలేదు. పెన్నియ్యండి."

చర్చి సండే స్కూల్లో నేర్చిన గుండ్రటి అక్షరాలతో, అచ్చు కింద ఆవిడ తీరిగ్గా రాసింది. జెన్నిఫర్ వరసలో అందరికీ వినపడేలా చదివింది: "నూనె నేను రాశాను. దానివల్ల పోయింది మూడు యూనిట్లు. కరెంటు నేను దొంగిలించలేదు. మిగతా అయిదూ సీతారాం గారి పొగగొట్టం నీడవల్ల పోతున్నాయి. ఆ గొట్టం వీళ్ల కంప్యూటర్లో లేదు. ఇక్కడ ఉంది."

పాతిక తలలూ ఒక్కసారి పడమటికి తిరిగాయి. కాగితం పాడుచేసిందని వరుణ్ విసుక్కున్నాడు. సీతారాంకు హఠాత్తుగా బట్టీలో పని గుర్తొచ్చింది.

పది రోజులకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తబితాను ఉంచారు. మోడల్‌ను సవరించారట. కంప్యూటర్లో గొట్టం పెట్టారు. ఇప్పుడు తెర పదిహేను అంటోంది, మీటరూ పదిహేను అంటోంది. నష్టం ఏమీ లేదు, సమస్య పరిష్కారమైంది అని రాశారు. నిజం తెలుసుకుని కూడా నీడను తొలగించక, నీడకు ఊరిని సరిపెట్టిన ఆ తెలివికి ఏ కాలేజీ పట్టా ఇస్తుందో!

తబితా ఇప్పటికీ వారానికోసారి నిచ్చెన ఎక్కి కుంకుడు రసంతో ప్యానెళ్లు కడుగుతోంది. మధ్యాహ్నం రెండు దాటి గొట్టం నీడ పాకి మోటారు మూలగడం మొదలుపెట్టగానే బయటికొచ్చి, వరసలో మిగిలిపోయిన వాళ్లతో గొట్టం కింద ఉన్నవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా చెబుతుంది.

"సీతారాం బాబు వొచ్చీసినాడు మీదికి! ఇంక నీళ్లు రావు, రేపు బేగి రండి!"