మద్రాసులో లేవని విమానం

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ముత్తుకూరు దగ్గరి ఉప్పుమళ్లలో ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాలి. అక్కడ అంతమంది ప్రాణాలు కాపాడినవాడినని ఇన్నేళ్లుగా నన్ను మెచ్చుకుంటున్నారు. కాపాడింది నేను కాదు.

యాభైల చివర్లో నేనక్కడ మేస్త్రీని. రోజూ పొద్దున మద్రాసు నుంచి బెజవాడ పోయే విమానం తీరం వెంబడి మా మీదుగా పోయేది. ఆకాశదారిన రెండు ఊళ్లకూ మధ్య దాదాపు రెండువందల యాభై మైళ్లని, రైలుకు రాత్రంతా పట్టే దూరం గంటన్నరలో పోతుందని మా యజమాని గొప్పగా చెప్పేవారు. మద్రాసులో లేచిన అరగంటకు మాకు మోత వినిపించేది. మళ్లలో గడియారం లేదు. ఆ మోత వింటేనే కూలీలు పని ఆపి, కట్ట దాటి, దిబ్బ మీది పాకలోకి సద్ది తినడానికి పోవాలి. అంతకుముందు ఎవరినీ లేవనిచ్చేవాణ్ణి కాను.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. అమావాస్య పోటుకు సముద్రం హోరెత్తుతోంది. కూలీల్లో పెద్దామె పోలమ్మ ఉన్నట్టుండి నడుం నిలబెట్టింది.

“విమానం వచ్చేసింది, లెయ్యండే!”

“అది నీ కడుపులో మోత. విమానం ఇంకా మద్రాసులోనే ఉంటది,” అన్నాను. నాకేమీ వినిపించలేదు.

“నీ చెవుల్లో ఉప్పు పేరుకుండాది మేస్త్రీ,” అని నవ్వి, నెలలు నిండిన కోడలిని లేపుకుని నడిచింది. సద్దికి లేవమంటే ఎవరు కాదంటారు? అందరూ కదిలారు. వెనక్కి పిలుచుకొద్దామని నేనూ వెళ్లాను.

మేం దిబ్బ ఎక్కుతుండగా ఉప్పుటేటి కట్ట తెగింది. చూస్తుండగానే మళ్లన్నీ మునిగిపోయాయి. అప్పటిదాకా వాళ్లు వంగి పనిచేసిన చోట నీళ్లు మనిషెత్తు నిలిచాయి.

మర్నాడు యజమాని వచ్చారు. ఆయన ముందురోజు ఆ విమానంలోనే బెజవాడ పోవలసింది. మద్రాసులో గాలివాన వల్ల అది అసలు లేవనేలేదట.

“మరి వీళ్లని లేపిందెవరయ్యా?” అన్నారు.

“పోటు చూసి నేనే లేపానండీ,” అన్నాను.

ఆయన నా భుజం తట్టారు. పక్కనే ఉన్న పోలమ్మ కోడలిని నడిపించుకుంటూ పాకలోకి వెళ్లిపోయింది.

వేరే విమానమేమో అనుకుందామంటే, పక్కనే ఉన్న నాకూ వినపడాలి కదా. ఈ మధ్య ఒకరోజు మనసు ఒప్పక పోలమ్మ ఇంటికి వెళ్లాను. ఆ వరద తర్వాత పుట్టిన మనవరాలు వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

“అవ్వా, ఆ రోజు నాకే మోతా వినపడలేదు. నేను అబద్ధమాడాను. ఇకనైనా అందరికీ నిజం చెప్తాను,” అన్నాను.

“వినపడకపోతే ఎందుకొస్తివి అబ్బయా?”

“మిమ్మల్ని వెనక్కి పిలవడానికి.”

“యాడ పిలిస్తివి? వెనక్కి రమ్మని ఒక్క మాటన్నా అనలా! మా కోడలి రెండో చెయ్యి పట్టుకుని కట్టెక్కించింది నువ్వే గదా!”

లోపలినుంచి కోడలు తొంగిచూసి, “అవునన్నా. గబగబా రామ్మా అని తొందరపెడితివి గూడా,” అంది.

ఇద్దరి మొహాల్లోనూ వేళాకోళం లేదు. ఆ మోత ఎక్కడిదో నాకు తెలియదు. ఆ చెయ్యి పట్టుకున్నట్టు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.